తడిగుడ్డకు దక్కిన పేరు: నడి ఎండలో ఆగిపోయే ఒక యుద్ధకాలపు జీపు కేసు

పాత పెట్రోలు జీపు ఎండాకాలంలో దారిలో ఆగిపోతే మన దగ్గర అందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది. బానెట్ ఎత్తి ఏసీ పంపు (టాంకు నుంచి పెట్రోలు లాగే పంపు) మీద తడిగుడ్డ వేస్తారు. కాసేపటికి బండి స్టార్టవుతుంది. "చూశారా, పెట్రోలు ఆవిరైపోయింది, అంతే" అంటారు. ఈ బండికి ఆ వైద్యం రెండు వేసవులు జరిగింది, అందులో కొన్ని నెలలు నా చేతుల మీదుగానే. నేను తప్పుదారి పట్టిన చోట్లు కూడా దాచకుండా రాస్తున్నాను.

బండి చరిత్ర

యజమాని రిటైరైన బడిపంతులు. నేను మాస్టారనే పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. ఊరు, బండి నంబరు, ఇంకా గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. కోస్తాలో ఒక పల్లెటూరని మాత్రం అనుకోండి. మిలిటరీ డిస్పోజల్‌లో అమ్మేసిన జీపు ఒకటి, రెండు మూడు చేతులు మారాక, వాళ్ళ నాన్నగారి దగ్గరికి పొలం పనులకు వచ్చింది. 80లలో పెట్రోలు ఖర్చు భరించలేక దానికి డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. దించిన పెట్రోలు ఇంజిన్ గొడ్లపాకలో గోనెసంచుల కింద ఉండిపోయింది. ఆయన దాన్ని పాత ఇనుము వాళ్ళకు వెయ్యకపోవడమే ఈ కథలో మొదటి అదృష్టం.

ఊళ్ళో అందరూ దాన్ని విల్లీస్ జీపు అంటారు. కాదు. రేడియేటర్ కింద ఛాసిస్ ముందు అడ్డపట్టీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్ ఎంబీ. పలకగా, బోర్లించిన కాలువలా ఉంటే ఫోర్డ్ జీపీడబ్ల్యూ. దీనిది పలక. తుప్పు గోకితే బోల్టుల తలల మీద, బ్రాకెట్ల మీద ఫోర్డ్ వాళ్ళ 'ఎఫ్' అక్షరం బయటపడింది. యుద్ధంలో విల్లీస్ ఒక్కటే అవసరానికి సరిపడా బళ్ళు ఇవ్వలేకపోతే అదే డిజైన్‌ను ఫోర్డ్ కూడా తయారుచేసింది. విల్లీస్ సుమారు 3.6 లక్షలు, ఫోర్డ్ సుమారు 2.8 లక్షలు. ఫోర్డ్ పేరులో చివరి 'డబ్ల్యూ' విల్లీస్‌కు గుర్తు.

పాకలోని ఇంజిన్ నంబరు మాత్రం ఎంబీ అని మొదలైంది. అంటే మిలిటరీలో ఉండగానే ఏదో వర్క్‌షాపులో ఇంజిన్ మార్చారన్నమాట. ఒక బండిది ఇంకో బండికి వెయ్యడం వాళ్ళకు మామూలే. మాస్టారు కాస్త నీరసపడ్డారు. "మరి ఒరిజినల్ కాదా బాబూ?" అని అడిగారు. ఆర్‌సీలో రాసింది ఈ ఎంబీ నంబరే అని చూపించాక మనసు కుదుటపడింది.

ఆ ఆర్‌సీ నంబరు ఊరికే చెప్పడం లేదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, మళ్ళీ చేయించుకోవడానికి 5,000, గడువు పదేళ్ళు. అయితే ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. డీజిల్ ఇంజిన్‌తో ఆ తలుపు దగ్గరికే వెళ్ళలేం. అందుకే మాస్టారు ఒక వర్క్‌షాపులో పాత ఇంజిన్‌ను బోరింగ్ చేయించి మళ్ళీ ఎక్కించారు. 2199 సీసీ, సైడ్ వాల్వ్, 60 హార్స్‌పవర్. 'గో డెవిల్' అని పేరుపడిన ఇంజిన్ ఇదే. ఆ పని బాగానే చేశారు. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ దాదాపు సమానంగా వచ్చింది.

వైరింగ్ విషయంలో మాత్రం వాళ్ళు అందరూ చేసేదే చేశారు. ఈ జీపు పుట్టుకతో 6 వోల్టులది. 6 వోల్టుల బ్యాటరీ, బల్బులు దొరకవని 12 వోల్టులకు మార్చేశారు. డైనమో తీసి చిన్న కారు ఆల్టర్నేటర్ బిగించారు. తీసిన డైనమో, కటౌట్ (బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా ఆపేది) అట్టపెట్టెలో పెట్టి మాస్టారి చేతికిచ్చారు. ఈ పేరా గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

వచ్చిన సమస్య

పొద్దున్నే బండి బంగారం. మధ్యాహ్నం ఎండలో తీస్తే ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు ఆగిపోతుంది. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మళ్ళీ పావుగంటకు ఆగుతుంది.

నా దగ్గరికి వచ్చేసరికే చాలా జరిగింది. కొత్త కాపీ కార్బురేటర్ వేశారు. ఏసీ పంపుకు కిట్టు మార్చారు. అది చాలదని కరెంటు పంపు తగిలించి, తర్వాత తీసేశారు. టాంకు లోపల పూత వేయించారు. మాస్టారు ప్రతి ఖర్చూ తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నారు. దాన్ని నేను మొదటి రోజే చదివాను. నాలుగు నెలల్లో సీబీ పాయింట్లు (రవ్వ కోసం కాయిల్ కరెంటును తెంచే చిన్న స్విచ్చు) మూడుసార్లు మార్చినట్టు అందులో ఉంది. 'నాసిరకం పాయింట్లు' అని మనసులో అనుకుని పేజీ తిప్పేశాను.

"దగ్గుతూ దగ్గుతూ ఆగుతుందా, టక్కున ఆగుతుందా మాస్టారూ?" అని కూడా అడిగాను. "టక్కున. స్విచ్ కట్టేసినట్టు" అన్నారు. సరైన ప్రశ్న, సరైన జవాబు. పెట్రోలు అందని ఇంజిన్ సాధారణంగా గుంజుతుంది, కార్బురేటర్‌లోంచి తుమ్ముతుంది, బలం తగ్గుతూ తగ్గుతూ చస్తుంది. టక్కున ఆగిందంటే చూపు నిప్పు వైపు, అంటే పెట్రోలును అంటించే కరెంటు రవ్వ వైపు, పోవాలి. కానీ అప్పటికే నలుగురు మెకానిక్‌లు పెట్రోలు అన్నారు, బయట 43 డిగ్రీల ఎండ, పంపు మీద గుడ్డ వేస్తే బండి కదులుతోంది. నేనూ ఆ వరసలోనే నిలబడ్డాను.

నేను చేసినవి, ఫలించనివి

మొదట టాంకు మూత. ఈ జీపులో పెట్రోలు టాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది, సీటు ఎత్తి పోయాలి. మూతలో గాలి పోయే సన్నని దారి ఉండాలి. లేకపోతే పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ లోపల వాక్యూమ్ ఏర్పడి పంపు లాగలేకపోతుంది. ఎవరో వేరే బండి మూత పెట్టారు, దానికి ఆ దారి లేదు. కారణం సరిగ్గా అతికినట్టుంది. గాలి ఆడే మూత వేసి నలభై నిమిషాలు తిప్పాం, ఆగలేదు. మాస్టారికి చెయ్యి కలిపి ఇంటికొచ్చేశాను. ఆ రోజు మబ్బు పట్టి ఉందన్న సంగతి పది రోజుల తర్వాత, ఆయన ఫోన్ చేసినప్పుడు గుర్తొచ్చింది. పాత సమస్య తిరగబెట్టింది.

రెండోది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోని వేడి కవాటం. చలిదేశాల్లో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ వేడిని కార్బురేటర్ కిందికి మళ్ళించడానికి అక్కడ ఒక రేకు తలుపు పెట్టారు. ఇంజిన్ వేడెక్కితే చుట్ట స్ప్రింగు వదులై ఆ తలుపు దారి మార్చాలి. మనది తుప్పుతో చలికాలం స్థితిలోనే బిగుసుకుపోయింది. అంటే మే నెలలో కార్బురేటర్ కింద కుంపటి పెట్టినట్టు. తుప్పు వదిలించి, మన వాతావరణానికి ఆ వేడి అక్కర్లేదు కాబట్టి, తలుపును చల్లటి స్థితిలో తీగతో కట్టేశాను. ఎగ్జాస్ట్‌కు ఆనుకుని పోతున్న పెట్రోలు గొట్టాన్ని కూడా దూరంగా మళ్ళించాను.

దీనితో ఒక బాధ నిజంగా పోయింది. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు ఆపి మళ్ళీ తీస్తే మొరాయించడం తగ్గింది. అది అసలైన ఆవిరి సమస్య. కానీ నడుస్తూ నడుస్తూ టక్కున ఆగడం మాత్రం అలాగే ఉంది. అప్పటిదాకా ఆ రెండింటినీ ఒకే రోగమనుకున్నాం. ఒకటి తగ్గాకే రెండోది విడిగా కనిపించింది.

గుడ్డ పరీక్ష

ఇక విడి భాగాలు మార్చడం ఆపి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ప్రతి పరీక్షా ఇంజిన్ చల్లారాకే జరిగింది. మెకానిక్ వచ్చేసరికి అరగంట పడుతుంది, అప్పటికి బండి తనంతట తానే బాగుపడి ఉంటుంది. మరి తడిగుడ్డ పనిచేస్తోందని ఎలా తెలిసింది? గుడ్డ తడిపి, వేసి, ఇంకోసారి తడిపి, టీ తాగి వచ్చేసరికి కూడా ఆ అరగంటే అవుతుంది.

తర్వాత రెండుసార్లు ఆగినప్పుడు గుడ్డ వెయ్యొద్దని మాస్టారికి చెప్పాను. ఊరికే గడియారం చూసుకుంటూ కూర్చోమన్నాను. రెండుసార్లూ అరగంటకు అటూ ఇటూగా స్టార్టయింది. గుడ్డకు వచ్చిన పేరంతా ఆ అరగంట సంపాదించి పెట్టిందే.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు నేనే పక్క సీట్లో కూర్చున్నాను. ఒళ్ళో స్పానర్లు, ఇన్సులేషన్ ఉన్న పట్టకారు, చల్లగా ఉంచిన కొత్త కండెన్సర్ (సీబీ పాయింట్లకు తోడుగా ఉండే చిన్న విడిభాగం). ఇరవై రెండో నిమిషంలో ఆగింది. మొదట కార్బురేటర్ మీది గాలి గొట్టం విప్పి, లోపలికి చూస్తూ థ్రాటిల్ చేత్తో లాగాను. పెట్రోలు చిమ్మింది. పెట్రోలు ఉంది! పది సెకన్లలో తేలిన ఈ మాట కోసం రెండు వేసవులు పట్టాయి.

తర్వాత, రవ్వను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలోంచి కాయిల్ (బ్యాటరీ కరెంటును రవ్వ దూకేంతగా పెంచేది) వైరు ఊడదీసి, బ్లాకుకు ఆరు మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించాను. ముందు కార్బురేటర్ గొట్టం బిగించేశాననుకోండి, పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వతో ఆటలొద్దు. పొద్దున చూసినప్పుడు నీలంగా, టప్‌మని దూకిన రవ్వ ఇప్పుడు సన్నగా, నారింజ రంగులో ఒకసారి కనబడి మాయమైంది. కండెన్సర్ వేడికి చెడినా ఇలాగే అవుతుంది. అందుకని వెంటనే చల్లటి కండెన్సర్ తగిలించి చూశాను. మార్పు లేదు. కాయిల్ మీద చెయ్యి పెడితే వెనక్కి లాక్కోవలసి వచ్చింది.

అదే తడిగుడ్డ తీసి కాయిల్‌కు చుట్టాను. నాలుగు నిమిషాలకు బండి స్టార్టయింది.

ఎందుకలా

ఇంటికి వెళ్ళి కాయిల్ మీది రంగు గోకితే 6 వోల్టుల గుర్తు కనిపించింది. వైరింగ్ అంతా 12కు మార్చినవాళ్ళు కాయిల్‌ను మాత్రం 'ఒరిజినల్ కదా' అని ఉంచేశారు. మీటరు పెడితే ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్ 1.5 ఓములు. డైనమో 7 వోల్టులిస్తే అందులో దాదాపు 4.7 ఆంపియర్లు పోతాయి. ఆల్టర్నేటర్ 13.8 ఇస్తే 9.2. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. పొద్దున చల్లగాలికి ఆ వేడి ఎలాగో బయటికి పోతుంది, మధ్యాహ్నం బానెట్ కింద పోదు. అంత కరెంటును తెంచుతూ ఉండేవి సీబీ పాయింట్లే కాబట్టి అవి మాడిపోతాయి. నోట్‌బుక్‌లో మూడుసార్లు రాసి ఉన్న పాయింట్లు నాసిరకంవి కావు.

ఇక్కడే కొత్త కాయిల్ వేసి పంపేయవచ్చు. వెయ్యలేదు. కొత్త 6 వోల్టుల కాయిల్ వేస్తే అదీ కొన్నాళ్ళకు ఇలాగే అవుతుంది. పైగా కాయిల్ మారిస్తే నా లెక్క తప్పో ఒప్పో తేలదు. పాత కాయిల్‌నే ఉంచి, దానికి ముందు 1.5 ఓముల బాలాస్ట్ రెసిస్టర్ (కరెంటును తగ్గించే అడ్డు) ఒకటి పెట్టాను. అయిదారు వందల రూపాయల వస్తువు. మూడు మధ్యాహ్నాలు, ఒక్కోసారి గంటకు పైగా, మబ్బు లేకుండా చూసుకుని మరీ తిప్పాం. ఒక్కసారీ ఆగలేదు.

6 వోల్టులకు తిరిగి వెళ్ళడం

నా మట్టుకు కేసు అక్కడితో అయిపోయింది. 12 వోల్టుల కాయిల్ వేసి రాత్రిపూట దీపాలు బాగా వెలిగే బండిగా ఉంచుదామన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. "నాన్నగారి డైనమో అట్టపెట్టెలో ఉంది బాబూ" అన్నారు. నేను గట్టిగానే వాదించాను. కానీ ఫ్లైవీల్ చూశాక వాదన వదిలేశాను. 6 వోల్టుల సెల్ఫ్‌ను 12తో తిప్పితే హుషారుగా తిరుగుతుంది, ఆ హుషారుకు బెండిక్స్ (సెల్ఫ్ చివరి చిన్న పళ్ళచక్రం) పళ్ళు ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగ్ గేర్‌ను ఎగిరి తన్నుతాయి. అప్పటికే రెండు పళ్ళ అంచులు విరిగి ఉన్నాయి.

బ్యాటరీ కట్టే లోకల్ షాపులో చెప్పి మూడు సెల్లులతో 6 వోల్టులది చేయించాం. డైనమో బుష్‌లు, బ్రష్‌లు విజయవాడ ఆటోనగర్‌లో మార్పించాం. డైనమో మళ్ళీ ఎక్కించాక ఇంజిన్ స్టార్ట్ చేసేముందు కటౌట్ దగ్గర బ్యాటరీ, ఆర్మేచర్ టెర్మినళ్ళను వైరుతో ఒక్క క్షణం తాకించి పోలరైజ్ చెయ్యాలి. ఏళ్ళ తరబడి పక్కన పడున్న డైనమో తన ధ్రువాలు మరిచిపోయి ఉండొచ్చు. ఇది చెయ్యక కటౌట్ కాల్చుకున్నవాళ్ళను చూశాను.

అన్నీ బిగించి సెల్ఫ్ కొడితే ముసలి ఎద్దు లేచినట్టు లేచింది. "6 వోల్టులంటే ఇంతే" అని పక్కనున్నవాళ్ళు అన్నారు. ఈసారి ఎవరి మాటా నమ్మకుండా, సెల్ఫ్ తిరుగుతుండగానే మీటరు పెట్టాను. బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ దాకా 1.1 వోల్టు, ఇంజిన్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్ దాకా 0.7 వోల్టు దారిలోనే పోతోంది. 12లో 1.8 పోతే ఎవరికీ తెలియదు, 6లో పోతే మూడో వంతు పోయినట్టే. 12 వోల్టుల కోసం వేసిన సన్న కేబుళ్ళు అలాగే ఉండిపోయాయి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్‌కు ఎర్త్ పట్టీ తప్పనిసరి, అదీ లేదు. హార్డ్‌వేర్ షాపులో 70 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ కొని రెండు వైపులా వేశాం. ఎర్త్ పట్టీ తగిలే చోట రంగు గీకి మెరిసే ఇనుము దాకా తెచ్చి బిగించాం. మొత్తం నష్టం 0.3 వోల్టుకు దిగింది. ఆ తర్వాత సెల్ఫ్ చెప్పిన మాట వింది.

ఎడమచేతి స్టీరింగ్ బండి మన రోడ్డెక్కాలంటే పనిచేసే సిగ్నల్ పరికరం ఉండాలని మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ చెబుతుంది. 6 వోల్టుల ఫ్లాషర్ కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ అంతా తిరిగి, చివరికి డాష్ కింద కనబడకుండా ఒక చిన్న కన్వర్టర్ పెట్టి ఇండికేటర్లకు మాత్రం 12 ఇచ్చాం. మాస్టారికి ఇది ఇష్టం లేదు, నాకూ అంతే.

రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి వర్క్‌షాపు జీపంతా ఆలివ్ గ్రీన్ కొట్టింది. చూడ్డానికి అందం, రూలుకు విరుద్ధం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ రూలు ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ బళ్ళకే. మిలిటరీ బండిని పునరుద్ధరించే మనకు ఆ రంగు దక్కకపోవడం విడ్డూరమే, కానీ తనిఖీ దగ్గర వాదించే విషయం కాదు. ఇసుక రంగు వేయించాం. డాష్ లోపలి వైపు ఒక జానెడు మేర పాత ఆకుపచ్చను గోకకుండా వదిలేశాను.

ఇప్పుడు చేసే పద్ధతి

ఈ కేసు తర్వాత, ఆగిపోయిన బండిని ఆగిన చోట చూడకుండా ఏ భాగమూ మార్చడం లేదు. దూరమైతే యజమానికే రెండు పరీక్షలు నేర్పిస్తాను, థ్రాటిల్ లాగితే చిమ్ముతోందా, రవ్వ ఏ రంగులో ఉంది అని. వోల్టేజీ మార్చిన బండి వస్తే కాయిల్, సెల్ఫ్, కేబుళ్ళు, మీటర్లు ఒక్కొక్కటీ దేనికి పుట్టినవో కాగితం మీద రాశాకే స్పానర్ పట్టుకుంటాను. పాత బిల్లుల్లో ఒకే వస్తువు రెండుసార్లు కనబడితే అక్కడ ఆగుతాను.

పెట్రోలు అనుమానం పూర్తిగా తప్పని కూడా కాదు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును ఉబ్బిస్తుంది, గాల్లో తేమ పీల్చుకుంటుంది. మాస్టారు టాంకులో వేయించిన పూత పొరలు పొరలుగా లేచి, ఫైర్‌వాల్ మీది ఫిల్టర్ గిన్నెలో తేలింది. అది మొత్తం తీయించి టాంకును ఖాళీ ఇనుముగానే ఉంచాం. ఏసీ పంపు డయాఫ్రమ్, రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునే రకంవి వేశాం. వానాకాలంలో బండి నెల దాటి కదలదనుకుంటే టాంకులోని పెట్రోలు తీసేసి, కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ నడిపి ఆపుతాం. పదిహేను రోజులకోసారి ఊరికే అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి కట్టేయడం మానిపించాను. అలా చేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ నీరు చేరుతుంది. తీస్తే పది కిలోమీటర్లు తిప్పాలి.

తేలనిది ఒకటే మిగిలింది. వెనక మెయిన్ బేరింగ్ దగ్గర ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. అక్కడ తాడులాంటి పాత రకం సీల్ ఉంటుంది, అది కొంచెం కారుతుంది. దానికోసం ఇంజిన్ దించడం దండగని నా మాట. దించాల్సిందేనని మాస్టారి మాట. ప్రస్తుతానికి జీపు కింద ఒక పాత సత్తు పళ్ళెం పెట్టి, రోజూ పొద్దున్నే అందులో పడ్డ చుక్కలు లెక్కపెట్టి అదే నోట్‌బుక్‌లో రాస్తున్నారు. వారానికోసారి ఆ పేజీ ఫొటో నాకు వస్తుంది. మొన్నటిదాకా నాలుగు ఉండేవి. ఈ వారం ఆరు.